దిగే మెట్లు లేని ఎలైట్ బ్యాచ్: విశాఖలో ఒక బ్యాడ్మింటన్ అకాడమీతో 22 నెలలు

మా అమ్మాయి విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు బ్యాడ్మింటన్ అకాడమీలో, నిర్వాహకులు ‘ఎలైట్ బ్యాచ్’ అని పిలిచే పోటీ శిక్షణలో, 22 నెలలు గడిపింది. చేరేనాటికి ఆమెకు పన్నెండేళ్లు నిండి కొన్ని నెలలయింది. మానేనాటికి పద్నాలుగు దాటాయి. మానడానికి కారణం బర్నౌట్, అంటే తీరని అలసటతో ఆట మీద ఇష్టమే ఆరిపోవడం. అకాడమీ పేరు ఇక్కడ రాయడం లేదు. నగరంలో వేరే చోట్ల పిల్లలను ఆడిస్తున్న తల్లిదండ్రులతో మాట్లాడిన తరువాత, కోర్టుల రంగు, ఫీజు మొత్తం తప్ప మిగిలినదంతా దాదాపు ఒకే తీరుగా ఉందని తెలిసింది. అందువల్ల పేరు రాస్తే, ఆ ఒక్క చోటికి వెళ్లకపోతే చాలునన్న తప్పు భరోసా చదివేవారికి కలుగుతుంది.

ముందుగా వసతుల సంగతి. ఐదు సింథటిక్ కోర్టులు, కళ్లలో పడని దీపాలు, ఎత్తైన రేకుల కప్పు ఉన్నాయి. గాలికి షటిల్ పక్కకు పోతుందని తలుపులు మూసి ఆడిస్తారు, ఫ్యాన్లు వేయరు. మన సముద్రపు ఉక్కలో అరగంటకే పిల్లల చొక్కాలు పిండితే నీళ్లు కారేలా తడుస్తాయి. అది ఈ ఆట స్వభావమే కాబట్టి దానిని ఫిర్యాదుగా రాయడం లేదు. తాగునీరు, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి. రాకెట్‌కు గట్టింగ్ (తీగలు బిగించడం) లోపలే వేస్తారు, బయటికన్నా వంద రూపాయలు ఎక్కువ తీసుకుంటారు. తల్లిదండ్రుల కోసం గ్యాలరీలో కుర్చీలు వేశారు. ఆ కుర్చీల ప్రస్తావన మళ్లీ వస్తుంది.

శిక్షణ నాణ్యత విషయంలో నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు, పైగా కృతజ్ఞత ఉంది. మొదటి నాలుగు నెలలు పిల్లలచేత పూర్తి గేమ్ ఆడించరు. కోర్టులోని ఆరు మూలలకూ షటిల్ లేకుండా అడుగులు వేయించడం, ఆ తరువాత కోచ్ ఒకదాని వెంట ఒకటిగా షటిళ్లు విసురుతుంటే అందుకోవడం, మళ్లీ మధ్యకు రావడం, ఇంతే. పక్కింటి పిల్లలతో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆడి నేర్చుకున్న తప్పు గ్రిప్పును ఎంతో ఓపికగా మార్చారు. చేరినప్పుడు నెట్ దాటి సగం కోర్టులో పడిపోయే ఆమె బ్యాక్‌హ్యాండ్ క్లియర్, ఏడాది తిరిగేసరికి వెనక గీత దాకా వెళ్లేది. జిల్లా అండర్-15 పోటీల్లో క్వార్టర్ ఫైనల్ చేరింది. ప్రధాన కోచ్ స్వయంగా జాతీయ స్థాయిలో ఆడినవారు. పిల్లలను తిట్టరు, కొట్టరు, చెప్పిన సమయానికి తానే ముందుగా వస్తారు. బర్నౌట్ అనగానే కర్రపట్టుకుని నిలబడిన క్రూరుడైన కోచ్ మనసులో మెదలుతాడు. మా విషయంలో అటువంటివారెవరూ లేరు, అందుకే మాకు విషయం అర్థం కావడానికి అంత కాలం పట్టింది.

ఇక సమయపట్టిక. సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 5:15 నుంచి 7:30, సాయంత్రం 4:30 నుంచి 7:30. ఆదివారం ఉదయం మూడు గంటల మ్యాచ్ ప్రాక్టీసు. వారంలో సెలవు రోజు లేదు. మేముండే మర్రిపాలెం నుంచి అకాడమీకి బండి మీద అరగంట ప్రయాణం కాబట్టి ఆమె 4:15కు లేచేది. తాటిచెట్లపాలెం, గురుద్వారా జంక్షన్ దాటేసరికి వెనక సీటులో నా వీపుకు తల ఆనించి నిద్రపోయేది. అది చూసి ‘ఎంత కష్టపడుతోంది నా బిడ్డ’ అని గర్వపడిన ఉదయాలు చాలా ఉన్నాయని ఒప్పుకోవాలి. రాత్రి ఇంటికి చేరి, తిని, హోంవర్కు ముగించి పడుకునేసరికి పదిన్నర. అంటే నిద్ర ఆరు గంటలకు పావుగంట తక్కువ. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో స్పష్టంగా సూచించింది.

గంటలు లెక్క వేయాలన్న ఆలోచన నాకు ఇరవయ్యో నెలలో గాని రాలేదు. శిక్షణ వారానికి 34 గంటల 30 నిమిషాలు. బడి ఆరు రోజులు, రోజుకు ఏడు గంటల చొప్పున 42. రెండూ కలిపితే 76 గంటల 30 నిమిషాలు. బ్యాంకులో పనిచేసే నేను ఇందులో సగానికి కాస్త ఎక్కువ పని చేసి, ఇంటికి వచ్చి అలసిపోయానని సోఫాలో కూలబడతాను. ఎదిగే పిల్లలు వారానికి తమ వయసెంతో అన్ని గంటలకు మించి ఒక ఆటలో శిక్షణ పొందితే తీవ్రమైన గాయాల ముప్పు పెరుగుతుందని క్రీడావైద్యులు ఒక సులువైన కొలత చెబుతారు. ఆ లెక్కన మా అమ్మాయికి 14 గంటలు రావాలి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ అయితే వారానికి కనీసం ఒక రోజు, ఏడాదిలో రెండు మూడు నెలలు తాము పోటీపడే ఆటకు దూరంగా ఉండాలని ఏళ్ల తరబడి చెబుతోంది. ఆ నెలలను ఒకేసారి కాకుండా విడతలుగా తీసుకున్నా పరవాలేదట. మా అకాడమీలో ఏడాదికి సెలవులు సంక్రాంతికి మూడు రోజులు, దసరాకు రెండు. వేసవిలో బడి లేదు కాబట్టి ఉదయం శిక్షణను మరో గంట పెంచారు.

మొదట కనిపించిన గుర్తు నీరసమో ఓటమో కాదు. నిరుడు అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోందని టీవీలో చెబుతుండగా మా అమ్మాయి అన్నం కలుపుతూ, “నాన్నా, తుఫాను వస్తే అకాడమీకి కూడా సెలవిస్తారా?” అని అడిగింది. బడికి సెలవిస్తారని సంబరపడే పిల్లలను చూశాను గాని, ఈ ప్రశ్నలోని గొంతు వేరుగా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆమెకు నాలుగేళ్లు. కిటికీ అద్దాలు పగులుతుంటే మంచం కింద నా భార్య ఒళ్లో పడుకున్న పిల్ల అది. విశాఖవాసులు తుఫాను మాట వింటే కొవ్వొత్తులు, నీళ్ల డబ్బాలు వెతుక్కుంటారు. ఈమె ఒక్క సెలవు కోసం తుఫానును కోరుకుంటోంది. ఆ వాయుగుండం ఎటో మళ్లిపోయింది, మర్నాడు 4:15కు అలారం మోగింది.

ఆ తరువాత మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా కనబడ్డాయి. బూట్ల లేసులు కట్టుకోవడానికి ఐదు నిమిషాలు పట్టేది. జలుబు వస్తే పదిహేను రోజులకు గాని వదిలేది కాదు. గణితంలో మార్కులు తగ్గాయి. నవంబరులో ఒక టోర్నమెంటులో, అంతకు ముందు మూడుసార్లు తనను ఓడించిన అమ్మాయిపై 21-17, 21-19తో గెలిచి, చెయ్యి కలిపి, బ్యాగు సర్దుకుని వచ్చి, “ఇంటికి వెళ్దామా?” అంది. ఓడినప్పుడు ఏడ్చే పిల్ల గురించి తల్లిదండ్రులు కంగారు పడతారు. గెలిచినప్పుడు కూడా ముఖంలో ఏమీ కదలకపోవడం అంతకన్నా పెద్ద గుర్తు అని నాకు అప్పుడు తెలియదు.

బర్నౌట్‌కు తెలుగులో స్థిరపడిన మాట లేదు. మన ఇళ్లలో ‘పిల్లకు విసుగెత్తింది’ అంటారు; కానీ విసుగు ఒక సినిమాతోనో, ఊరు వెళ్లివస్తేనో పోతుంది. ఇది పోదు. క్రీడాకారుల్లో దీనిని కొలవడానికి థామస్ రేడెకి, అలన్ స్మిత్ అనే పరిశోధకులు 2001లో 15 ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. దానిలో మూడు పాయలుంటాయి: శరీరానికీ మనసుకూ పట్టిన తీరని అలసట, ఎంత ఆడినా ఏమీ సాధించడం లేదనే భావన, ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్న ఆట విలువ తన కళ్లముందే తరిగిపోవడం. మా అమ్మాయిలో మొదటి రెండింటిని మేము బద్ధకం అనుకున్నాము, మూడోదానిని పొగరు అనుకున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను తన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో నిర్వచించినప్పుడు దానిని ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా మాత్రమే పేర్కొంది. వారానికి 76 గంటలు పనిచేసే మా అమ్మాయి చేతిలో నియామకపత్రం లేదు, అంతే తేడా.

ముందుగా మా కుటుంబ వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాము. ఆమె చేసిన పని ఇతర తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మానసికం అని వెంటనే ముద్ర వేయలేదు. అతిగా శిక్షణ పొందినవారి అలసటను నిర్ధారించే ముందు అటువంటి అలసటనే కలిగించే ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చాలని చెప్పి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు రాశారు. నెలసరి సక్రమంగా వస్తున్నదా, రోజుకు ఏమేమి తింటున్నది అని విడిగా అడిగారు. ఇనుము కొద్దిగా తక్కువగా ఉంది, మందు ఇచ్చారు. ఉదయం మంచం దిగకముందు నాడి లెక్కపెట్టి రెండు వారాలు రాసిపెట్టమన్నారు. చివరికి నన్ను బయట కూర్చోబెట్టి ఆమెతో ఇరవై నిమిషాలు మాట్లాడారు. 22 నెలల్లో ఆమెతో ఆట గురించి ఒంటరిగా మాట్లాడిన మొదటి పెద్దమనిషి ఆ డాక్టరుగారే.

ఆమె అలసట సంగతి అకాడమీకి వెళ్లి చెప్పాను. కోచ్‌గారు శ్రద్ధగా విన్నారు. “ఈ వయసులో అందరికీ ఒకసారి ఇలా అవుతుంది సార్, రెండు టోర్నమెంట్లు ఆడితే సర్దుకుంటుంది” అన్నారు. వారానికి నాలుగు రోజులకు తగ్గించగలరా అని అడిగితే ఎలైట్ బ్యాచ్‌లో ఆ పద్ధతి లేదన్నారు. రెండు నెలలు ఆపి మళ్లీ వస్తామంటే, ఆమె స్థానం వేరొకరికి ఇచ్చేస్తామని, తిరిగి చేరాలంటే ఎంపిక పరీక్ష, ప్రవేశ రుసుము రెండూ ఉంటాయని ఆఫీసులో చెప్పారు. ఈ సేవలోని అసలు లోపం నాకు అక్కడ కనిపించింది. బిగినర్స్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, ఎలైట్ అని ఎక్కడానికి నాలుగు మెట్లు కట్టారు; దిగడానికి ఒక్క మెట్టూ కట్టలేదు. అలసిన పిల్లకు ఉన్న దారులు రెండే: అక్కడే నిలబడటం, లేదా దూకేయడం.

పైన చెప్పిన రేడెకి 1997లోనే, 13 నుంచి 18 ఏళ్ల ఈతగాళ్లను పరిశీలించి, బర్నౌట్ కేవలం ఒత్తిడి ఎక్కువైనందువల్ల వచ్చేది కాదని వాదించారు. ఇష్టం ఉండి ఆడేవారు ఎంత కష్టాన్నయినా మోస్తారు. ఇష్టం పోయినా ఆడక తప్పదనుకునేవారు, అంటే చిక్కుకుపోయామని భావించేవారు, ఎక్కువగా కుంగిపోతారు. మా అమ్మాయిని చిక్కించిన తాళ్లలో అకాడమీ పేనినవి కొన్నే. మూడు నెలల ఫీజు ముందుగా కట్టించుకుని మధ్యలో మానితే తిరిగివ్వని నిబంధన వారిది. ప్రతి ఆదివారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పిల్లల అంతర్గత ర్యాంకులు పెట్టడం, ఉదయం రానివారి పేర్ల పక్కన ఎర్ర గుర్తు వేయడం కూడా వారిదే. మిగిలిన తాళ్లు నావి. గ్యాలరీ కుర్చీలో కూర్చుని ఆమె పోగొట్టుకున్న పాయింట్లను డైరీలో రాసుకున్నది నేనే. నెలకు ఫీజు, ఫెదర్ షటిళ్లు, బూట్లు, ప్రయాణాలు కలిపి ఎంతవుతున్నదో ఆమె వినేలా భార్యతో మాట్లాడింది నేనే. ఇంజినీరింగ్‌లో స్పోర్ట్స్ కోటా ఉంటుందని బంధువులకు చెప్పుకున్నదీ నేనే. నా మీద కూడా సమీక్ష రాయవలసి వస్తే ఇంతకన్నా కటువుగా ఉంటుంది.

ఆ గ్యాలరీలో ఎప్పుడూ ఒక కథ తిరుగుతుంటుంది. సింధు చిన్నప్పుడు తెల్లవారకముందే లేచి సికింద్రాబాదు వైపు నుంచి గచ్చిబౌలి దాకా రోజూ వెళ్లేదట, అందుకే 2016లో రియోలో రజతం, 2021లో టోక్యోలో కాంస్యం వచ్చాయట, కాబట్టి మనమూ లేవాలట. సింధు శ్రమను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే అంతే పొద్దున లేచి, అంతే దూరం వెళ్లి, పదిహేనేళ్లకు రాకెట్ అటక మీద పెట్టేసిన పిల్లల ఫోటోలు ఏ అకాడమీ గోడమీదా ఉండవు, వారి కథ ఏ తండ్రీ గ్యాలరీలో చెప్పడు. మా గోడమీద లేని మరో రెండు కథలు నేను తరువాత చదివాను. టెన్నిస్‌లో జెన్నిఫర్ కాప్రియాటి 1990లో పద్నాలుగేళ్లు నిండకముందే ప్రొఫెషనల్ అయి, పదహారేళ్లకు 1992 బార్సిలోనాలో ఒలింపిక్ స్వర్ణం గెలిచి, మరుసటి ఏడాదికే ఆటకు దూరమైంది. అటువంటి అనుభవాల తరువాత మహిళల టెన్నిస్ సంఘం చిన్న వయసు క్రీడాకారిణులు ఏడాదికి ఆడగల టోర్నమెంట్ల సంఖ్యకు 1995 నుంచి పరిమితి విధించింది. ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఆష్లీ బార్టీ 2014లో, పద్దెనిమిదేళ్ల వయసులో, టెన్నిస్ ఆపేసి బ్రిస్బేన్ హీట్ జట్టుకు క్రికెట్ ఆడింది. 2016లో తిరిగివచ్చి 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్ గెలిచింది. రెండేళ్ల సెలవు అడిగితే స్థానం వేరొకరికి ఇచ్చేస్తామని బార్టీకి మా ఆఫీసులోని గుమాస్తా చెప్పి ఉంటే ఏమయ్యేదో నేను అప్పుడప్పుడు ఊహించుకుంటాను.

అంత దూరం పోనక్కరలేదు, మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్ జాతీయ రికార్డును తిరగరాసింది 2022లో, 22 ఏళ్ల వయసులో. ఆసియా స్వర్ణం ఆ మరుసటి ఏడాది. పద్నాలుగేళ్లకు ముగిసిపోవలసిన తొందర ఏముందో నాకు అర్థం కాదు. కోచ్‌ల జీతాలు, అకాడమీ ఫ్లెక్సీలు అండర్-15 పతకాల మీద ఆధారపడి ఉండటం ఒక కారణం కావచ్చు. వారి కడుపు కూడా దీనితోనే నిండాలి కాబట్టి ఆ మాటను నిందగా అనడం లేదు.

డిసెంబరు రెండో వారంలో మానిపించాము. మిగిలిన ఫీజు తిరిగి రాలేదు. సంతకం చేసిన కాగితంలో ఆ నిబంధన ఉంది కాబట్టి అడిగే హక్కు నాకు లేదు. మొదటి పది రోజులు ఆమె నిద్రపోయింది. అలారం తీసేసినా 4:15కు ఉలిక్కిపడి లేచి, గడియారం చూసి మళ్లీ పడుకునేదని నా భార్య చెప్పింది. మూడో వారంలో ఆర్కే బీచ్‌కు వెళ్లి ముంత మసాలా కావాలంది. ఆట మానేస్తే పిల్లలు వెంటనే తేలికపడతారని అనుకోవద్దు. జనవరి అంతా ‘ఇప్పుడు నేనేమిటి’ అన్నట్టు ఇంట్లో తిరిగింది. స్నేహితులందరూ అకాడమీలోనే ఉన్నారు, గ్రూపులోంచి ఆమె నంబరు తీసేశారు. ఆటతో పాటు ఆమె ఊరు కూడా పోయినట్టయింది. ఈ నష్టం గురించి మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు, అకాడమీ నుంచి ఒక్కరూ ఫోను చేయలేదు.

ఈ సేవకు మార్కులు వేయమంటే, కోర్టులకు ఐదుకు నాలుగు, ఆట నేర్పడానికి నాలుగున్నర, పిల్లను గమనించడానికి ఒకటి వేస్తాను. ఆ ఒకటి కూడా ఎవరూ కొట్టలేదన్నందుకు. చేర్చదలచిన తల్లిదండ్రులు కోర్టులు చూసి మురిసిపోయే ముందు ఆఫీసు గుమాస్తాను వారంలో ఏ రోజు సెలవని, ఏడాదిలో ఏ నెలలు ఖాళీ అని అడగాలి; ఒక మెట్టు కిందికి దిగాలంటే ఏ ఫారం నింపాలో అడగాలి. మేము నింపిన దరఖాస్తులో ఎత్తు, బరువు, రక్తవర్గం, ‘మీ లక్ష్యం’ అనే గడులున్నాయి. లక్ష్యం గడిలో నేను ‘భారత జట్టు’ అని రాశాను. ఆ గడి కింద తండ్రి సంతకానికి చోటుంది గాని ఆడబోయే పిల్ల సంతకానికి లేదు.

మార్చిలో ఆమె సెల్లార్‌లో పక్క ఫ్లాట్ పిల్లలతో ప్లాస్టిక్ షటిల్‌తో ఆడటం చూశాను. ఎవరో పాత గ్రిప్పుతో పట్టుకుంటే వేళ్లు సర్ది చూపిస్తోంది. ఆ వారమే అకాడమీ నుంచి పాత సభ్యులకు రాయితీతో తిరిగి చేరవచ్చునని సందేశం వచ్చింది. చూపిస్తే కాసేపు ఆలోచించి, “వారానికి మూడు రోజులు, ర్యాంకులు పెట్టకుండా ఆడే బ్యాచ్ ఉందేమో కనుక్కో నాన్నా” అంది. ఫోను చేశాను. “హాబీ బ్యాచ్ ఉంది సార్, పదేళ్లలోపు పిల్లలకు సాయంత్రం నాలుగింటికి, పెద్దవాళ్లకు రాత్రి ఎనిమిదిన్నరకు. మీ పాప వయసుకు మాత్రం ఎలైట్ ఒక్కటే” అన్నారు. పెద్దవాళ్లంటే ఎన్నేళ్లవారని అడిగాను. ఇరవై అయిదు దాటినవారట. మా అమ్మాయికి ఇంకా పదేళ్లకు పైనే ఉంది.